పాలిచ్చే తల్లులకు పనిచోట అందే తోడ్పాటు: సర్వేలో ఏమి అడగాలి, ఎలా కొలవాలి?

తూర్పుకిటికీ:
మా సంస్థలో మహిళా ఉద్యోగుల కమిటీ తరఫున, ప్రసూతి సెలవు ముగించుకుని తిరిగి విధుల్లో చేరిన తల్లులకు ఒక సర్వే పెట్టాము. బిడ్డకు పాలిస్తూనే ఉద్యోగం కొనసాగించడానికి సంస్థ ఎంతవరకు తోడ్పడుతోందని వారు అనుకుంటున్నారో తెలుసుకోవాలన్నది మా ఉద్దేశం. "సంస్థ కల్పించిన సౌకర్యాలతో మీరు సంతృప్తిగా ఉన్నారా", "అవసరమైన విరామం, ఏకాంతం లభిస్తున్నాయా" వంటి కొద్దిపాటి ప్రశ్నలు, ఒక్కోదానికి ఐదు జవాబుల్లో ఒకటి ఎంచుకోవాలి. ఫలితాల్లో అందరూ సంతృప్తిగా ఉన్నట్టే వచ్చింది. ఇక ఈ విషయంలో చేయవలసింది ఏమీ లేదని యాజమాన్యం తేల్చేసింది. అయితే మాకు తెలిసిన తల్లులలో చాలామంది, చేరిన కొద్ది వారాలకే పాలివ్వడం మానేశారు. పాలు తీసుకోవడానికి కేటాయించిన గది ఎప్పుడు చూసినా ఖాళీగానే ఉంటోంది. ఈ రెండింటికీ పొంతన కుదరడం లేదు. ఇటువంటి సర్వేలు తయారుచేసిన అనుభవం ఉన్నవారు దయచేసి చెప్పండి, లోపం ఎక్కడుంది?

లెక్కలమనిషి:
ప్రశ్నల సంగతి తరువాత చూద్దాం. సర్వే ఎవరికి పంపారు?

తూర్పుకిటికీ:
ఆ గది వాడుకోవడానికి పేరు నమోదు చేసుకున్నవారికి.

లెక్కలమనిషి:
మీ ఫలితానికి సగం కారణం అక్కడే ఉంది. గది దాకా రాగలిగినవారినే గది గురించి అడిగారు. పని ఒత్తిడి వల్ల మొదటి నెలలోనే మానేసిన తల్లి, పేరు నమోదు చేసుకోవడానికే సంకోచించిన తల్లి, సెలవు ముగిసినా తిరిగి రాకుండా రాజీనామా చేసిన తల్లి, వీరెవరూ మీ జాబితాలో లేరు. తోడ్పాటు అందనివారు ఒక్కొక్కరుగా తప్పుకుంటూ పోతే, మిగిలినవారి సగటు దానంతట అదే పెరుగుతుంది. సంస్థ ఏమీ మారకుండానే ఏటేటా స్కోరు మెరుగుపడుతున్నట్టు కనిపించడానికి ఇంతకంటే సులువైన మార్గం లేదు. గడచిన రెండు మూడేళ్లలో ప్రసూతి సెలవు తీసుకున్న ప్రతి ఒక్కరికీ, ఇప్పుడు పాలిస్తున్నారా లేదా అన్నదానితో సంబంధం లేకుండా పంపండి. ఎక్కువ కాలం వెనక్కి వెళ్లకండి, జ్ఞాపకం చెదిరిపోతుంది.

మూడోఅంతస్తు:
పై మాట నూటికి నూరుపాళ్లు నిజం. నేను పాలివ్వడం మానేశాక మా ఆఫీసులో ఇటువంటి సర్వే ఒకటి వచ్చింది. మొదటి ప్రశ్నే "మీరు ప్రస్తుతం పాలిస్తున్నారా". "లేదు" అని నొక్కగానే "ధన్యవాదాలు" అని వచ్చి ముగిసిపోయింది. ఎందుకు మానేశానో అడిగి ఉంటే పేజీ నిండా రాసేదాన్ని.

చిన్నక్షరం:
ఇక ప్రశ్నల విషయం. "విరామం, ఏకాంతం లభిస్తున్నాయా" అన్నది ఒక ప్రశ్న కాదు, రెండు. విరామం దొరికి ఏకాంతం దొరకని తల్లి ఏ గడిలో టిక్కు పెట్టాలి? మధ్యలో ఉన్నదానికి పెడుతుంది. అప్పుడు మీకు రెండింటి గురించీ ఏమీ తెలియకుండా పోతుంది. "సంతృప్తిగా ఉన్నారా" అనడం అంతకంటే ఇబ్బంది. ఏమీ ఆశించని మనిషి దేనికైనా సంతృప్తి పడుతుంది. మరుగుదొడ్డిలో నిలబడి పాలు పిండి పారబోసుకునే తల్లికి, అంతకు మించి అడగవచ్చునని ఎవరూ చెప్పకపోతే, ఫిర్యాదు చేయాలన్న ఆలోచనే రాదు.

నిదానం:
నేనొక బృందానికి మేనేజరును. నా దగ్గర పనిచేసిన తల్లులలో ఎవరికీ నేను ఎన్నడూ విరామం కాదనలేదు. ఆ మాటకొస్తే ఎవరూ నన్ను అడగనూ లేదు. గది ఉంది, ఫ్రిజ్ ఉంది, నియమం ఉంది. ఇవన్నీ కళ్లకు కనిపించేవే కదా, వాటిని లెక్కబెడితే సరిపోతుంది. "మీకు ఎలా అనిపిస్తోంది" అని అడిగితే మనిషికో రకంగా చెబుతారు. అనిపించడాన్ని కొలిచి ఏమి సాధిస్తాము?

మూడోఅంతస్తు:
నిదానం గారూ, "ఎవరూ నన్ను అడగలేదు" అన్న మీ వాక్యం దగ్గర ఒక్క నిమిషం ఆగండి. మా దగ్గరా గది ఉంది. దాని తాళంచెవి కింద సెక్యూరిటీ బల్ల దగ్గర ఉండేది. తీసుకోవాలంటే రిజిస్టరులో పేరు, సమయం, "కారణం" అన్న గడి నింపాలి. నా పై వరుసలో ఎవరో "మీటింగ్" అని రాశారు, ఆ పై వరుసలో "స్టాకు" అని ఉంది. కింద నేనేమి రాయాలి? బల్ల వెనకాల కూర్చున్న ఆయన మర్యాదస్తుడే, ఏనాడూ ఒక్క మాట అనలేదు. అయినా రోజూ ఆ గడి నింపలేక, గుడ్డలు తడిసేదాకా ఓర్చుకుని ఇంటికి వెళ్లేదాన్ని. మీరు చెప్పిన లెక్క ప్రకారం మా ఆఫీసుకు గది ఉన్నందుకు పూర్తి మార్కులు పడతాయి.

పాలవెల్లి:
నేను తల్లులకు పాలివ్వడంపై సలహాలిచ్చే వృత్తిలో ఉన్నాను. అనిపించడాన్ని ఎందుకు కొలవాలన్న నిదానం గారి ప్రశ్నకు శరీరమే జవాబు చెబుతుంది. పాలు చేపుకు రావడం ఆక్సిటోసిన్ అనే హార్మోను పని. తల్లి కంగారుగా ఉన్నా, ఎవరైనా తలుపు తోస్తారేమోనని బిగుసుకుని కూర్చున్నా ఆ హార్మోను విడుదల మందగిస్తుంది, పాలు చేపవు. పాలు తీసే పంపు అదే, గది అదే, సమయం అదే, కానీ సీసాలో అడుగున నాలుగు చుక్కలు. రొమ్ము ఖాళీ కాకపోతే తరువాతి విడత ఉత్పత్తి తగ్గుతుంది, ఎందుకంటే తీసిన కొద్దీ ఊరడం, నిలిచిన కొద్దీ తగ్గడం పాల స్వభావం. నిలిచిపోయిన పాలు గడ్డకట్టి, నొప్పి, జ్వరం, వాపు దాకా వెళ్లడమూ మామూలే. కాబట్టి "ఇక్కడ నేను నిశ్చింతగా కూర్చోగలను" అని తల్లికి అనిపించడం పాల దిగుబడిని నేరుగా ప్రభావితం చేస్తుంది. గది ఎన్ని చదరపు అడుగులో కొలిచినంత శ్రద్ధగానే దీన్నీ కొలవాలి.

ఇంకొక మాట. పుట్టిన తరువాత 6 నెలల వరకు తల్లిపాలు మాత్రమే, ఆ తరువాత ఇతర ఆహారంతో పాటు రెండేళ్లు, ఆ పైన కూడా పాలివ్వమని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. అంతర్జాతీయ కార్మిక సంస్థ 2000లో తెచ్చిన ప్రసూతి రక్షణ ఒడంబడిక కనీస సెలవును 14 వారాలుగా నిర్ణయించింది. ఆ కనీసంతోనే సరిపెట్టుకోవలసిన తల్లికి, తల్లిపాలు తప్ప వేరే ఏమీ పెట్టకూడని కాలంలో ఇంచుమించు సగం పనిచోటే గడుస్తుంది.

హెచ్‌ఆర్_కుర్చీ:
ఆ ఒడంబడికలోనే పాలిచ్చే విరామాలను పనిగంటలుగా పరిగణించి జీతం చెల్లించాలని ఉంది. అసలు ఈ ఆలోచన 1919లోనే, అదే సంస్థ మొట్టమొదటి ప్రసూతి ఒడంబడికలోనే వచ్చింది. పనివేళల్లో రోజుకు రెండుసార్లు అరగంట చొప్పున అని అందులో రాశారు. నూరేళ్లు దాటినా, పాలిచ్చే విరామం తన హక్కు అని తెలియని తల్లులే నా దగ్గరకు ఎక్కువగా వస్తారు. కనుక సర్వేలో "ఉంది", "లేదు" పక్కన "తెలియదు" అనే గడి తప్పనిసరిగా పెట్టండి. "తెలియదు" అని వచ్చిన జవాబులను పారేయకండి, మధ్యస్థంగా లెక్కవేయకండి. తల్లికి తెలియని నియమం కాగితం మీద ఉన్నా ఆమె విషయంలో లేనట్టే.

లెక్కలమనిషి:
కొత్తగా ప్రశ్నలు కల్పించే ముందు, ఇప్పటికే పరీక్షించి చూసిన కొలమానాలు ఉన్నాయని గుర్తుచేస్తున్నాను. బై, పెంగ్, ఫ్లై అనే పరిశోధకులు 2008లో అమెరికాలో ఒక చిన్న ప్రశ్నావళిని ప్రచురించారు. అందులోని అంశాలు విశ్లేషణలో నాలుగు గుంపులుగా విడివడ్డాయి: పాలు తీసుకోవడానికి కావలసిన సాధన సంపత్తి, పాలివ్వడానికి అనుకూలమైన వాతావరణం, వసతి, తోటి ఉద్యోగుల తోడ్పాటు. అదే ఏడాది గ్రీన్, ఓల్సన్ అనే ఇద్దరు మరింత విస్తృతమైన ప్రశ్నావళిని రూపొందించారు. అది సంస్థ విధానాలు, పని సంస్కృతి, మేనేజరు, తోటివారు, పని ఒరవడి, గది భౌతిక స్థితి అనే కోణాలను తాకుతుంది. మేనేజర్ల వైఖరిని విడిగా కొలిచే ప్రశ్నావళి కూడా ఆ తరువాత వచ్చింది. సొంతంగా అల్లుకున్న ఆరు ప్రశ్నలకంటే, నిగ్గుతేలిన కొలమానాన్ని వాడుకోవడం మేలు. ఇతర సంస్థలతో పోల్చి చూడవచ్చు కూడా.

రాత్రిషిఫ్టు_అమ్మ:
లెక్కలమనిషి గారితో నేను విభేదిస్తున్నాను. అటువంటి ప్రశ్నావళి ఒకటి మా చేత నింపించారు. బల్ల ముందు కూర్చుని పనిచేసేవారికి అది బాగానే ఉంటుంది. నేను యంత్రాల వరుసలో నిలబడి పనిచేస్తాను. నా స్థానంలో ఇంకొకరు నిలబడితే తప్ప నేను కదలలేను. "విరామం తీసుకోవడానికి నా మేనేజరు అనుమతిస్తారు" అన్న వాక్యానికి నేను "అవును" అనే పెట్టాలి, ఎందుకంటే ఆయన నిజంగానే అనుమతిస్తారు. మనిషిని మాత్రం ఇవ్వరు. నా బదులు నిలబడవలసినది నా పక్క స్త్రీయే, ఆమె పని రెట్టింపవుతుంది. ఆమె ఏమీ అనదు. నేను చూస్తూ ఉంటాను కదా.

మా షిఫ్టులో అడగవలసిన ప్రశ్న ఇది: "మీరు వెళ్లినప్పుడు మీ పని ఎవరు చూస్తారు?"

పాలవెల్లి:
రాత్రి షిఫ్టుల విషయంలో ఫ్రిజ్ కూడా అడగండి. తీసిన పాలు మామూలు గది వాతావరణంలో, అంటే 25 డిగ్రీలు మించనప్పుడు, 4 గంటల వరకు నిలువ ఉంటాయి. ఫ్రిజ్‌లో అయితే 4 రోజుల దాకా ఉంటాయి. షిఫ్టు మొదట్లో తీసిన పాలు ఇంటికి చేరేసరికి ఆ 4 గంటలూ దాటిపోతాయి. ఫ్రిజ్ ఉన్న గదికి రాత్రిపూట తాళం వేస్తారా లేదా అన్న ఒక్క ప్రశ్న, "నిల్వ సౌకర్యం ఉందా" అన్న ప్రశ్నకంటే ఎక్కువ చెబుతుంది.

లెక్కలమనిషి:
రాత్రిషిఫ్టు_అమ్మ గారూ, మీ అభ్యంతరం న్యాయమైనదే. అందుకే కొలమానాన్ని యథాతథంగా ఎత్తుకోకుండా, వాడబోయే చోట ముందు కొందరు తల్లులతో పరీక్షించమంటారు. ఒక్కొక్క వాక్యం చదివించి, "దీనికి మీకు ఏమి అర్థమైంది, ఈ జవాబు ఎందుకు ఎంచుకున్నారు" అని వారి చేతనే చెప్పించాలి. మీరు ఇప్పుడు "అనుమతి" అన్న మాట గురించి చెప్పినది సరిగ్గా అటువంటి సంభాషణలోనే బయటపడుతుంది. కానీ పాత కొలమానాన్ని పూర్తిగా వదిలేయమంటే ఒప్పుకోను. దాన్ని ఉంచి, షిఫ్టు పనివారి కోసం కొన్ని ప్రశ్నలు విడిగా చేర్చండి.

రాత్రిషిఫ్టు_అమ్మ:
విడిగా చేర్చినవి నివేదికలో చివరి పేజీకి పోతాయి. మాకు ఎప్పుడూ జరిగేది అదే. మా ప్రశ్నలు ముందు పెట్టి, మిగతావి విడిగా చేర్చవచ్చు కదా.

చిన్నక్షరం:
ఈ విషయంలో నేను రాత్రిషిఫ్టు_అమ్మ గారి పక్షం. అనువాదంలోనూ ఇదే జరుగుతుంది. ఇంగ్లీషు ప్రశ్నావళిని మాట వెంట మాటగా తెచ్చి, తిరిగి ఇంగ్లీషులోకి మార్చి సరిచూసుకుని, అంతా సరిపోయిందని ఊరుకుంటారు. మాటలు సరిపోతాయి, పరిస్థితి సరిపోదు. "నా తోటి ఉద్యోగులు నాతో ఈ విషయం మాట్లాడతారు" అని ఒక వాక్యం ఉందనుకోండి. ఒకచోట అది తోడ్పాటుకు గుర్తు. మరొకచోట, పదిమంది నోళ్లలో నానుతున్నానన్న బాధకు గుర్తు. అంకె మాత్రం ఒకటే.

మూడోఅంతస్తు:
ఒక సందేహం. సర్వే నింపేవారు నిజం చెబుతారన్న నమ్మకం ఏమిటి? పేరు అక్కర్లేదంటారు, కానీ విభాగం, వయసు, బిడ్డ పుట్టిన నెల అడుగుతారు. మా విభాగంలో ఆ ఏడాది బిడ్డను కన్నది నేనొక్కదాన్నే.

హెచ్‌ఆర్_కుర్చీ:
ఈ భయం అకారణం కాదు. విభాగం అడగనే అడగకండి. అడగక తప్పకపోతే కార్యాలయం, ఉత్పత్తి, క్షేత్రస్థాయి అని పెద్ద గుంపులుగా అడగండి. కొద్దిమందే ఉన్న గుంపు ఫలితాన్ని విడిగా చూపించబోమని ముందే రాతపూర్వకంగా చెప్పండి. వివరాలు హెచ్‌ఆర్ చేతికి కూడా రాకూడదు. హెచ్‌ఆర్‌లో ఉండి ఈ మాట చెబుతున్నాను. పదోన్నతి నిర్ణయించే విభాగం నుంచి వచ్చిన లింకు తెరిచి "మా మేనేజరు సహకరించడం లేదు" అని రాయమనడం ఏ తల్లికీ న్యాయం కాదు. కమిటీ గానీ బయటి సంస్థ గానీ సేకరించడం ఉత్తమం.

నిదానం:
మూడోఅంతస్తు గారు చెప్పిన రిజిస్టరు సంగతి చదివాక నా బృందంలోని ఒక సహోద్యోగినితో మాట్లాడాను. ఆమె తన క్యాలెండరులో రోజూ రెండు అరగంటలు పక్కన పెట్టుకునేవారట. వాటి మీదే సమావేశాలు వచ్చి పడేవట. ఆహ్వానాలు పంపినవారికి కారణం చెప్పలేక హాజరయ్యేవారట. మేనేజర్లకూ ఒక ప్రశ్నావళి పెట్టమని నా సూచన. మేము ఇస్తున్నామనుకునే తోడ్పాటు ఎంత, వారికి అందుతున్నది ఎంత అని పక్కపక్కన పెట్టి చూడాలి. ఆ రెండింటి మధ్య ఎడమే మాలాంటి వారిని కదిలిస్తుంది. తల్లుల స్కోరు ఒక్కటే చూపిస్తే, అది ఇంకెవరి బృందం గురించో అనుకుంటాము.

లెక్కలమనిషి:
మంచి సూచన, తప్పక చేయవలసినదే. అయితే ఇద్దరినీ ఒకే సంఘటన గురించి అడగండి. మేనేజరును "మీరు తోడ్పడతారా" అని, తల్లిని "గత వారం విరామం వదులుకోవలసి వచ్చిందా" అని అడిగితే ఆ రెండు జవాబులకూ పోలిక ఉండదు.

పాలవెల్లి:
"గత వారం" అన్న మాట బాగుంది. "సాధారణంగా" అని అడిగితే తల్లులు మంచి రోజునే తలచుకుంటారు. గత వారం ఎన్నిసార్లు తీయాలనుకున్నారు, ఎన్నిసార్లు తీయగలిగారు అంటే కళ్లముందున్నది చెబుతారు.

చిన్నక్షరం:
లెక్కలమనిషి గారిని ఒకటి అడగాలి. ప్రశ్నావళి నమ్మదగినదని చూపించడానికి అందరూ క్రోన్‌బాక్ ఆల్ఫా అనే అంకె ఇస్తారు, అంటే ప్రశ్నల జవాబులు ఒకదానితో ఒకటి ఎంత కలిసి నడుస్తున్నాయో చెప్పే అంకె. గది, ఫ్రిజ్, విరామం, మేనేజరు అన్నింటినీ కలిపి ఒకే ఆల్ఫా చెప్పడం సబబేనా?

లెక్కలమనిషి:
సబబు కాదు. ప్రశ్నలన్నీ ఒకే లోపలి భావాన్ని వేరువేరు వైపుల నుంచి తడుముతున్నప్పుడే ఆల్ఫాకు అర్థం ఉంటుంది. "మేనేజరుతో ఈ విషయం మాట్లాడగలను", "విరామం అడిగితే నా పనితనాన్ని తక్కువగా చూస్తారని భయం లేదు" వంటి వాక్యాలు ఆ కోవకు వస్తాయి. ఒకదానికి అవునన్నవారు రెండోదానికీ అవుననే అవకాశం ఎక్కువ. గది, ఫ్రిజ్ అలా కాదు. గది ఉన్నంత మాత్రాన ఫ్రిజ్ ఉండాలని లేదు. అవి కలిసి నడవకపోవడం వల్ల ఆల్ఫా తగ్గితే అది ప్రశ్నల దోషం కాదు. అంకె పెంచడం కోసం ఫ్రిజ్ ప్రశ్నను తీసేసేవారిని చూశాను. తల్లికి అన్నింటికంటే అవసరమైన ప్రశ్న అలా పోతుంది. వసతులకు జాబితా, మనుషుల తోడ్పాటుకు స్కేలు, ఇలా రెండూ వేరుగా ఉంచండి. రెండింటినీ కలిపి ఒకే సగటు చేయకండి. ఏకాంతం లేని లోటును మంచి కుర్చీ పూడ్చదు, సగటు మాత్రం పూడ్చేస్తుంది.

ఇక కొలమానం నిజంగా పనిచేస్తోందా అన్నదానికి ఆల్ఫా కంటే గట్టి పరీక్ష ఉంది. ఎక్కువ స్కోరు ఇచ్చినవారు, ఇవ్వనివారికంటే ఎక్కువ కాలం పాలివ్వగలిగారా? కొన్ని నెలల తరువాత మళ్లీ అడిగి చూడాలి. ఆ సంబంధం కనిపించకపోతే మీ ప్రశ్నలు అసలు విషయాన్ని తాకడం లేదన్నమాట.

మూడోఅంతస్తు:
ప్రశ్నావళి మాత్రం చిన్నదిగా ఉంచండి. కొన్ని సర్వేలు నింపే సమయంలో ఒక విడత పాలు తీసుకోవచ్చు.

తూర్పుకిటికీ:
అందరూ చెప్పినవి కమిటీలో చర్చించి ముసాయిదా రాశాము. సర్వే గత మూడేళ్లలో ప్రసూతి సెలవు తీసుకున్నవారందరికీ వెళుతుంది, రాజీనామా చేసినవారికి కూడా. కొన్ని ప్రశ్నలు ఇక్కడ పెడుతున్నాను.

"గత వారం పనివేళల్లో పాలు తీయాలనుకుని తీయలేకపోయిన సందర్భం ఉందా? ఉంటే చివరిసారి ఏమి అడ్డువచ్చింది?"
"మీరు పాలు తీసుకోవడానికి వెళ్లినప్పుడు మీ పని ఎవరు చూస్తారు?"
"గది వాడుకోవడానికి మీరు ఎవరికైనా కారణం చెప్పవలసి వస్తుందా?"
"పాలు తీసే సమయంలో ఎవరైనా లోపలికి వస్తారేమోనన్న ఆందోళన మీకు కలుగుతుందా?"
"పాలివ్వడం మీరు అనుకున్నదానికంటే ముందే మానేశారా? అందులో పని పరిస్థితుల పాత్ర ఎంత?"

రాత్రిషిఫ్టు_అమ్మ:
రెండోది బాగుంది. దాని కిందే "అలా చూసినవారికి ఆ పనికి గుర్తింపు గానీ అదనపు సమయం గానీ ఇచ్చారా" అని చేర్చండి. తోటివారి తోడ్పాటు అని మనం పిలిచేది చాలాసార్లు సంస్థ చేయవలసిన ఏర్పాటును వారి నెత్తిన పెట్టడమే.

చిన్నక్షరం:
మొదటి ప్రశ్న, ఇప్పటికే మానేసినవారికి వర్తించదు. వారికి "మీరు పాలిస్తూ పనికి వచ్చిన చివరి వారంలో" అని మార్చి ఇవ్వండి. చివరి ప్రశ్నలో "పాత్ర ఎంత" అని అడిగేముందు "ఎందుకు మానేశారు" అని ఖాళీ వదిలి అడగండి. పని అన్న మాట మీరు ముందే అందిస్తే, వచ్చే జవాబులో మీ గొంతే వినిపిస్తుందని యాజమాన్యం అభ్యంతరం చెబుతుంది.

పాలవెల్లి:
పాలు చాలక మానేశానని చాలామంది రాస్తారు. దాన్ని తల్లి శరీరంలో లోపంగా నమోదు చేసి పక్కన పెట్టవద్దు. వేళకు తీయకపోతే పాలు తగ్గుతాయని పైన చెప్పాను. ఆ జవాబు ఇచ్చినవారిని, తగ్గడానికి ముందు రోజుకు ఎన్నిసార్లు తీయగలిగేవారో కూడా అడగండి.

తూర్పుకిటికీ:
ఆ సవరణలన్నీ చేర్చాము. మేనేజర్ల ప్రశ్నావళి విడిగా వెళుతుంది. వివరాలు కమిటీ దగ్గరే ఉంటాయి, విభాగం అడగడం లేదు.

హెచ్‌ఆర్_కుర్చీ:
పంపేముందు ఒకటి చూసుకోండి. రాజీనామా చేసినవారి ఆఫీసు ఈమెయిళ్లు మూసేసి ఉంటాయి. వారి సొంత చిరునామాలు హెచ్‌ఆర్ దగ్గర ఉంటాయి గానీ కమిటీకి ఇవ్వడానికి వీలుండదు. లింకు మీరు తయారుచేసి ఇవ్వండి, ఉత్తరం మాత్రం హెచ్‌ఆర్ పంపుతుంది. జవాబులు నేరుగా మీకే చేరతాయని ఆ ఉత్తరం మొదటి వాక్యంలోనే ఉండాలి.